ఇంటి బ్రెడ్డు భయంతో చేసుకునేది కాదు

మూడు నెలల కిందట మా బంధువుల వాట్సాప్ గ్రూపులో బాబాయి ఒక వీడియో పెట్టాడు. తెల్ల కోటు వేసుకున్న ఒకాయన మైదా ముద్దను కుళాయి కింద పట్టుకుని కడుగుతుంటాడు. పాలలాంటి నీళ్లన్నీ కారిపోయాక చేతిలో బూడిదరంగు జిగురు మిగులుతుంది. దాన్ని రెండు చేతులతో సాగదీసి, మీ పిల్లలకు బ్రెడ్డు పేరుతో మీరు పెడుతున్నది ఈ రబ్బరే అంటాడు. అరగంటలో దాని కింద బోలెడన్ని దణ్ణాలు, అయ్యయ్యోలు వచ్చి పడ్డాయి. ఆ రాత్రే మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, నువ్వు ఇంట్లోనే బ్రెడ్ చేస్తావు కదా, నాకు నేర్పించు. ఇక మా పిల్లల్ని బయటి బ్రెడ్ ముట్టుకోనివ్వను" అంది.

2020 లాక్‌డౌన్ నుంచి నేను ఇంట్లో బ్రెడ్డు చేస్తున్నాను. వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున. ఎవరైనా నేర్పమంటే నాకు సంతోషమే. కానీ ఆ ఫోన్ పెట్టేశాక మనసులో ఏదో ఇబ్బందిగా అనిపించింది. అదేమిటో అప్పుడు తేలలేదు. చెల్లి బ్రెడ్డు మొదలుపెట్టడమూ చూశాను, మూడు వారాల్లో మానేయడమూ చూశాను. ఇప్పుడు కొంచెం తేలింది.

ఇంట్లో బ్రెడ్డు చేసుకోవడం మంచి పని అని నేను గట్టిగా నమ్ముతాను. కానీ భయపడి మొదలుపెడితే ఆ బ్రెడ్డు బాగా రాదు, అలవాటూ నిలవదు. పైగా మన వీధిలో బట్టీ ముందు చెమటలు కక్కే మనిషిని ఏ తప్పూ చూడకుండానే దోషిని చేస్తాం. నేను చెప్పదలుచుకున్నది ఇదే. దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి, కొన్నింటికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అవీ రాస్తాను.

జ్వరం వచ్చినవాళ్ల తిండి

నేను పెరిగింది రామచంద్రపురంలో. నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరైనా బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని వెళ్తుంటే "ఇంట్లో ఎవరికండీ బాగోలేదు?" అని అడిగేవారు. బ్రెడ్డంటే జ్వరం తిండి. రెండ్రోజులు లంఖణం పెట్టాక, కంపౌండరు వచ్చి నాలిక చూసి, "ఇవాళ పాలూ బ్రెడ్డూ పెట్టండమ్మా" అనేవాడు. వేడి పాలలో పంచదార వేసి, అందులో ముక్క వేస్తే చెంచాతో తీసేలోపే విడిపోయి గ్లాసు అడుక్కి దిగేది. ఆ మైనపు కాగితం వాసన తగిలితే నాకు ఇప్పటికీ నోరు చేదుగా అవుతుంది. బ్రెడ్డుకి తనదంటూ ఒక రుచి ఉంటుందని నలభై ఏళ్లు వచ్చేదాకా నాకు తెలియకపోవడానికి ఇదొక కారణం. ఒంట్లో బాగున్నవాడు కావాలని తినే పదార్థంగా దాన్ని మా ఇళ్లలో ఎవరూ చూడలేదు.

మా నాయనమ్మ అయితే జ్వరంలో కూడా ముట్టుకునేది కాదు. గుడ్డు కలుపుతారనేది. పిండిని కాళ్లతో తొక్కుతారనేది. ఎవరు చేశారో ఏమిటో అనేది. ఆ మూడో మాటే అసలు మాట అని పెద్దయ్యాక అర్థమైంది. మా ఊళ్లో బేకరీ బట్టీ దగ్గర పనిచేసేవాళ్లు మా కులంవాళ్లు కాదు, మా మతంవాళ్లూ కాదు. నాయనమ్మ ఎవరికీ చెడు తలపెట్టిన మనిషి కాదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ఏదో ఒకటి పెట్టకుండా పంపేది కాదు. కానీ ఆ చేతుల మీద మాత్రం ఆవిడకు నమ్మకం లేదు. ఆ సంగతి నేను దాచి రాయలేను.

బాబాయి పెట్టిన వీడియోలో కులం మాట లేదు, మతం మాట లేదు. అంతా కెమికల్స్ గురించే. అయితే దాని కింద మా బంధువు ఒకాయన "ఆ బేకరీల్లో ఏం కలుపుతారో ఎవడికి తెలుసు" అని రాశాడు. చదవగానే నాకు నాయనమ్మ గొంతే వినిపించింది. నన్ను ఆ రాత్రి ఇబ్బంది పెట్టింది అదే అనుకుంటాను. కల్తీ గురించి భయపడే ప్రతివాళ్ల మనసులోనూ ఇదే ఉందని నేను అనడం లేదు. మా చెల్లి భయం తన పిల్లల గురించి మాత్రమే. కానీ ఒక పదార్థం మీద ఇంత తేలిగ్గా అనుమానం పుడుతోందంటే, ఆ అనుమానానికి నేల ఎప్పుడో దున్ని పెట్టి ఉందని నాకు అనిపిస్తుంది.

కుళాయి కింద రెండు ముద్దలు

ఆ ఆదివారం చెల్లి ఇంటికి వెళ్లాను. ముందు బ్రెడ్డు జోలికి పోకుండా రెండు గిన్నెలు అడిగాను. ఒకదాంట్లో మైదా, రెండోదాంట్లో వాళ్లు రోజూ చపాతీలకు వాడే గోధుమపిండి, చెరి వంద గ్రాములు. రెండూ గట్టిగా ముద్ద కలిపి, నీళ్లలో అరగంట నాననిచ్చి, వీడియోలో చూపించినట్టే కడిగాం. మైదా ముద్దలోంచి బూడిదరంగు జిగురు వచ్చింది. గోధుమపిండి ముద్దను కడగడం కొంచెం కష్టమైంది, వేళ్ల సందుల్లోంచి తవుడు జారిపోతూ వచ్చింది. చివరికి దాంట్లోంచీ జిగురే మిగిలింది, కాకపోతే గోధుమరంగులో, తవుడు చుక్కలతో. చెల్లి రెంటినీ సాగదీసి చూసింది. "అయితే చపాతీలో కూడా రబ్బరే ఉందా?" అంది.

అది రబ్బరు కాదు, గ్లూటెన్. గోధుమలో పుట్టుకతోనే ఉండే మాంసకృత్తులు నీళ్లు తగిలితే అలా అల్లుకుంటాయి. పుల్కా బుడగలా పొంగినప్పుడు ఆవిరిని పట్టి ఉంచేది ఆ జిగురే. అది లేకపోతే బ్రెడ్డే లేదు.

ఆ వీడియోలో ఇంకో మాట ఉంది, అలోక్సాన్ అని. మైదాను తెల్లబరచడానికి అది కలుపుతారు, దానివల్లే షుగర్ వస్తుంది అని. అలోక్సాన్ అనే పదార్థం ఉన్నమాట నిజమే. ప్రయోగశాలల్లో ఎలుకలకు ఎక్కించి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీసి, వాటికి షుగర్ జబ్బు తెప్పించడానికి వాడతారు. కానీ అది మైదాలో కలిపే సరుకు కాదు. కొన్నిరకాల తెల్లబరిచే పద్ధతుల్లో అతి సూక్ష్మంగా పుట్టవచ్చని అంటారు, అంతే. ఎలుకకు ఎక్కించే మోతాదుకూ దానికీ పోలికే లేదు.

మైదాకు నిజంగా ఉన్న లోపం వేరు, అది చెప్పడానికి ఏ వీడియో అక్కర్లేదు. గోధుమగింజ మీది తవుడు, లోపలి మొలక తీసేస్తే మిగిలిన తెల్లభాగం మైదా. పీచు పోతుంది, విటమిన్లు చాలావరకు పోతాయి. తెల్లబ్రెడ్డు రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతుంది. ఏ తిండి చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ ఇండెక్స్ పట్టికలో దానికి సుమారు 75. అదే పట్టికలో తెల్లన్నం 73. గోధుమపిండి బ్రెడ్డు 74. ఈ మూడు అంకెలూ చెల్లికి చూపించాను, ఎందుకంటే మా ఇళ్లలో మూడుపూటలా తెల్లన్నం తింటూ వారానికి నాలుగు ముక్కల బ్రెడ్డు గురించి నిద్ర పాడుచేసుకుంటున్నాం. పీచు కోసం గోధుమపిండి కలపడం మంచిదే, నేనూ సగం కలుపుతాను. కానీ బ్రౌన్ కనిపించింది కదా ఇక షుగర్ భయం లేదు అనుకుంటే అది మోసపోవడమే. ప్యాకెట్టు వెనక చదివితే చాలా బ్రౌన్ బ్రెడ్డుల్లో మొదటి పేరు మైదాయే, రంగు కోసం కారమెల్, అంటే మాడ్చిన చక్కెర రంగు, కలిపి ఉంటుంది.

ఒక్కొక్కటీ తీసేస్తూ

నేను చెల్లికి నేర్పింది చాలా మామూలు బ్రెడ్డు. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు. తను మొదటిసారి నా ముందే చేసింది, బాగా వచ్చింది. పిల్లలు వేడివేడిగా వెన్న రాసుకుని తిన్నారు. ఆ తరువాత వారం నుంచి తను ఒక్కొక్కటీ తీసేయడం మొదలుపెట్టింది.

మొదట మైదా మొత్తం తీసేసింది. పూర్తి గోధుమపిండితో బ్రెడ్డు రాదని కాదు, వస్తుంది. కానీ మన చక్కీ పిండి రాళ్ల మధ్య బాగా నలిగి ఉంటుంది కాబట్టి నీళ్లు ఎక్కువ తాగుతుంది, నూరు గ్రాములకు డెబ్బై ఐదు, ఒక్కోసారి ఎనభై. తను మైదా లెక్కనే అరవై ఐదు పోసింది, ముద్ద బిగుసుకుపోయింది. తరువాత ఉప్పు సగం చేసింది, ఇంట్లో మామగారికి బీపీ ఉందని. ఉప్పు తగ్గితే రుచి మాత్రమే పోదు. ఈస్టును అదుపులో ఉంచేది, జిగురుకు పట్టు ఇచ్చేది ఉప్పే. ఆ తరువాత ఫోన్లో "ఈస్టు కూడా కెమికలే కదా అన్నయ్యా?" అని అడిగింది. కాదమ్మా, అదొక జీవి, కల్లులో నురగ తెచ్చేది కూడా అలాంటిదే, బట్టీలో వేడికి చచ్చిపోతుంది అని చెప్పాను. అయినా సగమే వేసింది. ఆఖరికి మిల్లెట్లు మంచివని సగం జొన్నపిండి కలిపింది.

ఆ రొట్టెను నేను చూశాను. పైన మట్టిగోడలా పగుళ్లు. కత్తి పెడితే దిగలేదు, రంపంలా కోయాల్సొచ్చింది. లోపల మధ్యలో పచ్చిగా, వేలు పెడితే అంటుకుంటూ, అంచున పొడిపొడిగా ఉంది. జొన్నలో గోధుమ జిగురు లేదు. అందుకే మన ఆడవాళ్లు జొన్నరొట్టెకు మరిగే నీళ్లు పోసి పిండి కలుపుతారు, ఆ వేడికి పిండి ఉడికి ముద్దకు అతుకు వస్తుంది. చేత్తో తట్టి పెనం మీద కాల్చిన జొన్నరొట్టెకు వంక పెట్టేదేముంది? దాన్ని దాని దారిన ఉండనిచ్చి, పక్కన వంకాయ కూర పెట్టుకుంటే చాలు. దాన్ని బ్రెడ్డు అచ్చులో కుక్కడం రెంటికీ అన్యాయం.

పిల్లల బాక్సులు పెట్టినవి పెట్టినట్టే తిరిగొచ్చాయి. చెల్లి వాళ్లను కూర్చోబెట్టి, ఆరోగ్యానికి మంచిది, తినాలి అని చెప్పింది. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. మళ్లీ బ్రెడ్డు జ్వరం తిండి అయిపోయింది. రుచి కోసం కాకుండా ఏదో ఆపద తప్పించుకోవడానికి మింగే పదార్థం అయింది. మూడో వారం ఓటీజీకి, అంటే బ్రెడ్డు కాల్చే చిన్న కరెంటు ఓవెన్‌కి, కవరు తొడిగి అటక మీద పెట్టేశారు.

మరి భయానికి ఆధారమే లేదా?

ఉంది. అది చెప్పకపోతే నా వాదన సగమే అవుతుంది.

2016 మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్లు అక్కడ దొరికే 38 రకాల బ్రెడ్డు, బన్ను, పిజ్జా, బర్గర్ శాంపిళ్లను పరీక్షించి, వాటిలో 84 శాతంలో పొటాషియం బ్రోమేటు గానీ అయోడేటు గానీ ఉన్నట్టు బయటపెట్టారు. బ్రోమేటు మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1999 నాటికే దాన్ని 2బి జాబితాలో చేర్చింది. మన దగ్గర అప్పటిదాకా దానికి అనుమతి ఉంది. ఆ రిపోర్టు వచ్చిన నెలలోపే ఆహార భద్రతా సంస్థ దాన్ని నిషేధించింది. కాబట్టి ప్రశ్నించినవాళ్లు లేకపోతే ఇప్పటికీ మనం అదే తింటూ ఉండేవాళ్లం. చెల్లి నాతో "అప్పుడు భయపడ్డవాళ్లే కరెక్ట్ అయ్యారు కదా" అంది. ఆ మాటలో న్యాయం ఉంది.

కానీ ఆ పని చేసింది ల్యాబులో కొలిచిన మనుషులు. ఏ పదార్థం, ఎంత, ఎందులో అని పేరు పెట్టి చెప్పారు కాబట్టి ఆ ఒక్కటీ పోయింది. ఎవడికి తెలుసు ఏం కలుపుతారో అనే మాటతో ఏదీ పోదు. అందుకే నేను చెల్లికి ప్యాకెట్టు వెనక అంకెలు చదవడం నేర్పాను. 282 అంటే కాల్షియం ప్రొపియోనేటు, బూజు పట్టకుండా వేస్తారు. 260 అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే. 471, 481 ముక్క మెత్తగా ఉండడానికి. 510 చూసి నేను మొదట ఉలిక్కిపడ్డాను, వెతికితే అది అమ్మోనియం క్లోరైడు, అంటే నవాసారం. చిన్నప్పుడు మా వీధిలోకి వచ్చి ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాళ్ల దగ్గర చూసిన తెల్లటి పొడి. ఇక్కడ ఈస్టుకు మేతగా పనికొస్తుంది. ఇవేవీ విషాలు కావు. అయితే నాలుగింటితో అయ్యే బ్రెడ్డుకి ఇన్ని ఎందుకు?

నాకు దొరికిన జవాబు తొందర. బ్రోమేటు చేసేది ఏమిటంటే జిగురును త్వరగా బిగించడం. ముద్దను ఊరికే కొన్ని గంటలు వదిలేస్తే అదే పని దానంతట అది జరుగుతుంది. 1961లో ఇంగ్లండులోని చోర్లీవుడ్‌లో ఒక పద్ధతి కనిపెట్టారు. పిండిని కొద్ది నిమిషాలు విపరీతమైన వేగంతో యంత్రంలో తిప్పి, పిండి దశ నుంచి ప్యాకెట్టు దాకా మూడున్నర గంటల్లో తేల్చేస్తారు. ఎక్కడైనా ఫ్యాక్టరీకి గంట అంటే డబ్బు. మన ఇంటికి రాత్రి ఉంది. మనం పడుకున్నప్పుడు ఫ్రిజ్‌లో ముద్ద తన పని తాను చేసుకుంటుంది. ఇంట్లో బ్రెడ్డు చేసుకోవడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదే. ఎనిమిది పది గంటలు నెమ్మదిగా పులిసిన పిండికి ఒక రుచి వస్తుంది, కొంచెం తీపి, కొంచెం పులుపు, పైపొర కాలిన చోట వేయించిన గోధుమల వాసన. అది ప్యాకెట్టులో దొరకదు. చెల్లికి నేను మొదటిరోజే ఇది చెప్పి ఉండాల్సింది. తను భయం గురించి అడిగింది, నేను భయానికే జవాబులు చెప్పాను, రుచి సంగతి ఎత్తలేదు.

ఎండాకాలంలో గోరువెచ్చని నీళ్లు

2020 ఏప్రిల్‌లో నేను మొదలుపెట్టినప్పుడు మూడు బ్రెడ్డులు వరసగా పాడయ్యాయి. రెసిపీలో గోరువెచ్చని నీళ్లు పోయమన్నారు, పోశాను. వెచ్చని చోట రెండు గంటలు ఉంచమన్నారు, ఉంచాను. హైదరాబాదులో మా వంటింట్లో అప్పుడు 38 డిగ్రీలు. రెండు గంటలయ్యాక మూత తీస్తే ముద్ద పొంగి, మళ్లీ కుంగిపోయి, గిన్నె నిండా బుడగలు. అమ్మ ముక్కు మీద కొంగు పెట్టుకుని "కల్లు కుండలా ఉందిరా" అంది. నిజంగానే అదే వాసన. గోవాలో పావు చేసే పోదెర్లు ఒకప్పుడు పిండి పొంగడానికి కల్లే వాడేవారని తరువాత తెలిసింది.

మూడోసారి పాడయ్యాక అమ్మ నా ఫోన్లో టైమర్ మోగడం విని, "గడియారం చూస్తావేంట్రా, పిండి చూడు. ఇడ్లీ పిండి ఎండాకాలం ఎన్నింటికి పులుస్తుంది, డిసెంబరులో ఎన్నింటికి పులుస్తుంది?" అంది. చలికాలం పిండి గిన్నెకు దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టే మనిషి ఆవిడ. నలభై ఏళ్లుగా రోజూ చేస్తున్న పని నాకు కనిపించనే లేదు, ఎవరో చలిదేశంలో కూర్చుని రాసిన గంటలను నమ్మాను. వాళ్ల వంటిల్లు 22 డిగ్రీలు, వాళ్ల రెండు గంటలు నాకు నలభై నిమిషాలు.

లాక్‌డౌన్ సడలాక ఈస్టు కోసం మా వెనక వీధి బేకరీకి వెళ్లాను. పాత బేకరీ, కట్టెల బట్టీ. ముందు గాజు అల్మారాలో దిల్‌పసంద్‌లు, బన్నులు, ఖారీ. కౌంటరు దగ్గర ఈస్టు అమ్మరట, కానీ లోపల పనిచేసే ఉస్తాద్‌ను పిలిచారు. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా పిండి, రెండు ముంజేతుల మీదా పాత కాలిన మచ్చలు. నేను ఏం చేస్తున్నానో చెప్పాను. "గరం నీళ్లు ఎందుకు పోస్తున్నరు సార్? ఈ ఎండలకు మేం ఐస్ ఏస్తం" అన్నాడు. లోపలికి పిలిచి చూపించాడు. పిండి కలిపే తొట్టి పక్కన నిజంగానే గోనెసంచీ కప్పిన ఐసు దిమ్మ ఉంది. నా గుప్పిట్లో ఈస్టు పొట్లం పెడుతూ "గింత ఏస్తే చాలు, ఎక్కువేస్తే తొందరగ పొంగుతది, తొందరగ పడిపోతది" అన్నాడు. అచ్చుల్లో పొంగుతున్న ముద్దను వేలితో మెల్లిగా నొక్కి చూపించాడు. గుంట వెంటనే లేచిపోతే ఇంకా ఆగాలి. నెమ్మదిగా, సగం లేస్తే బట్టీలో పెట్టాలి. అసలు లేవకపోతే ఆలస్యం చేశామన్నమాట.

నాకు బ్రెడ్డు వచ్చింది ఆ రోజుతో. అమ్మ మాట, ఆయన వేలు. డబ్బులిస్తే తీసుకోలేదు.

అందుకే బేకరీల్లో ఏం కలుపుతారో ఎవడికి తెలుసు అన్నప్పుడు నాకు కోపం వచ్చింది. తెలుసుకోవాలంటే వెళ్లి అడగొచ్చు. అన్ని బేకరీలూ అంత శుభ్రంగా ఉంటాయని నేను హామీ ఇవ్వలేను. నేను లోపలికి వెళ్లి చూసింది ఒక్కటే. కానీ ఆ ఒక్కచోటా నేను చూసింది ఐసు, పిండి, వేడి, చాలా కష్టం.

ఆదివారం, రోజూ

చెల్లి చెప్పిన ఇంకో మాటకు నా దగ్గర సరైన జవాబు లేదు. ఓటీజీ అటకెక్కించిన వారం తనను అడిగాను, ఎందుకు మానేశావని. "అన్నయ్యా, నువ్వు ఆదివారం ఒక్కరోజు చేస్తావు. ఆ రోజు వంటిల్లు నీది. చుట్టూ అందరూ చూస్తారు. నేను పొద్దున ఐదున్నరకి లేచి రెండు బాక్సులు, మామగారికి ఉప్పులేని కూర, ఎనిమిదింటికి ఆఫీసు బస్సు. బయట బ్రెడ్ విషం అంటే ఆ విషం తప్పించే పని కూడా నా మీదే పడింది" అంది.

చాలాసేపు ఏం మాట్లాడలేకపోయాను. బయటి తిండి మీద భయం పుట్టినప్పుడల్లా ఇంట్లో ఒక మనిషి మీద పని పెరుగుతుంది. ఆ మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే. వీడియో పంపేది బాబాయి, పిండి పిసికేది చెల్లి. ఇంట్లో బ్రెడ్డు చేసుకోమని ఊరికే ఊదరగొట్టడానికి నాకు ఇప్పుడు నోరు రావడం లేదు.

నిజానికి మనిషి చేతిపని మొత్తం కలిపినా ఇరవై నిమిషాలకు మించదు. నేను చేసేది ఇదీ: శనివారం రాత్రి మైదా, గోధుమపిండి సగం సగంగా 400 గ్రాములు, చల్లటి నీళ్లు 280, ఉప్పు 8, ఈస్టు 2 గ్రాములు. కలిపి, పావుగంట ఆగి, గిన్నెలోనే నాలుగు వైపుల నుంచీ లాగి మడత పెట్టి, ఇంకో రెండుసార్లు అలాగే చేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. పిసికే పనే లేదు, రాత్రంతా ఆగితే జిగురు తనే అల్లుకుంటుంది. పొద్దున తీసి, ముద్ద చేసి, పొంగాక, మూత ఉన్న మందపాటి ఇనుప గిన్నెలో పెట్టి ఓటీజీలో 230 డిగ్రీల మీద అరగంట, మూత తీసి ఇంకో పది నిమిషాలు. మూత ఎందుకంటే ముద్దలోంచి వచ్చే ఆవిరి లోపలే ఉండి పైపొర ముందే గట్టిపడకుండా చూస్తుంది. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె వేసేటప్పుడు ఇనప మూకుడు మీద మూత పెట్టి దాని మీద నిప్పులు పోసేవారు కదా, రెంటికీ పోలిక ఉంది.

అయినా ఇరవై నిమిషాలే అనే మాట చెల్లితో అనలేదు. ఆ ఇరవై నిమిషాలూ ఎవరివి, ఏ రోజువి అన్నదే తన ప్రశ్న. డబ్బు మిగులుతుందనీ ఎవరికీ చెప్పను. మా ఇంట్లో సరుకులూ కరెంటూ కలిపి ఒక బ్రెడ్డుకి ముప్ఫై ఐదు రూపాయల దాకా అవుతుంది. కొట్లో ప్యాకెట్టుతో పోలిస్తే పెద్ద తేడా లేదు, ఓటీజీ ఖరీదు కలిపితే అసలు లేదు. నిలవ కూడా ఉండదు. రెండోరోజుకి గట్టిపడుతుంది, వానాకాలం మూడోరోజుకి బూజు. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా బిరుసెక్కుతుంది, ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టడం ఒక్కటే దారి.

చివరికి చెల్లికి నేను చెప్పింది ఇంతే. పిల్లలకు బేకరీ నుంచి తాజా బ్రెడ్డు కొనిపెట్టు, భయపడకు. ఎప్పుడైనా నీకే తినాలనిపిస్తే, సెలవు రోజున మీ ఆయన్ని గిన్నె పట్టమను. ఉప్పు తగ్గించకు. మామగారి లెక్క ఆయన ముక్కల్లో చూసుకోవచ్చు. పోయిన నెల ఒక శనివారం రాత్రి పదిన్నరకి మా బావగారు ఫోన్ చేసి, ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టాలా పై అరలోనా అని అడిగాడు. కింద అన్నాను.

నేనూ ఇప్పుడు వారం మధ్యలో బ్రెడ్డు కావాలంటే వెనక వీధికే వెళ్తాను. మొన్న ఆదివారం చేసిన దాంట్లో నాలుగు ముక్కలు కాగితంలో చుట్టి ఉస్తాద్‌కు తీసుకెళ్లి ఇచ్చాను. చేతులు తుడుచుకుని ఒక ముక్క తీసుకున్నాడు. ముందు వాసన చూశాడు, తరువాత మధ్యలో బొటనవేలితో నొక్కి వదిలి, అది పైకి లేచేదాకా చూశాడు. అంచు విరిచి నమిలాడు.

"లోపల మంచిగ అయింది సార్. కింద భాగం ఇంక అయిదు నిమిషాలు కాలాలె" అన్నాడు. మిగతా మూడు ముక్కలూ బట్టీ దగ్గర ఉన్న కుర్రాళ్లకు పంచాడు.